ఆయిల్ ఇంజను: ఇంధనపు వాసన, మొరాయింపు

గుంటూరు, ప్రకాశం మెట్ట పల్లెల్లో ఆయిల్ ఇంజను అంటే డీజిల్‌తోనో కిరోసిన్‌తోనో నడిచి నీళ్లు తోడే యంత్రం. తీరానికి వెళితే అదే యంత్రం పడవ కడుపులో కూర్చుని ఉంటుంది. సత్తెనపల్లి వైపు మిరపతోటకు కాలవ నీళ్లు ఎక్కించే ఒంటి సిలిండరు ఇంజనైనా, నిజాంపట్నం రేవులో మరబోటును సముద్రంలోకి తోసే పెద్ద ఇంజనైనా, విదేశాల్లో షికారు తెరచాప పడవల అడుగున దాచిపెట్టే చిన్న ఇంజనైనా, వాటికొచ్చే జబ్బులు చాలావరకు ఒకటే. వాటిలో జనాన్ని ఎక్కువగా విసిగించేవి రెండు. ఒకటి, ఇంజను ఆపేశాక కూడా వదలని ఇంధనపు వాసన. రెండోది, ఎంత తిప్పినా అంటుకోని మొండితనం. ఈ రెంటినీ వేరువేరు రోగాలుగా చూసి, మొదటిదాన్ని ఓర్చుకుని, రెండోదానికి మెకానిక్కును పిలవడం అలవాటు. నిజానికి తరచుగా ఇవి ఒకే గొట్టానికి రెండు కొసలు.

డీజిల్ ఇంజను రాకముందు క్రూడాయిల్ ఇంజను ఉండేది. ఇంగ్లండులో హెర్బర్ట్ అక్రాయిడ్ స్టువర్ట్ 1890లో పేటెంటు తీసుకున్న పద్ధతి అది. సిలిండరు తలమీది ఇనుప బుడ్డిని బ్లోల్యాంపుతో బాగా కాలిస్తే తప్ప ఇంజను కదిలేది కాదు. మిల్లులో పని మొదలుకావాలంటే ఒక మనిషి అందరికన్నా ముందొచ్చి బుడ్డి కాల్చాలి. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపిన ఇంజనుకు ఈ బాధ లేదు. గాలిని గట్టిగా నొక్కితే అదే వేడెక్కుతుంది, ఆ వేడిగాలిలోకి చిమ్మిన నూనె తనంతట తాను మండుతుంది. ఇప్పటి చిన్న డీజిల్ ఇంజన్లు గాలిని సుమారు పదహారు, పద్దెనిమిదో వంతుకు నొక్కుతాయి, అప్పుడు దాని వేడి 500 డిగ్రీలు దాటుతుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఇలాంటి ఇంజను ఒకటి వేరుశనగ నూనెతో నడిచింది. గానుగ నూనె ధర తెలిసిన మన రైతు మాత్రం ఆ ప్రయోగానికి ఒప్పుకోడు.

మన పొలాలకు ఈ ఇంజను రెండు దారుల్లో వచ్చింది. పుణెలో 1946లో మొదలైన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ ఒక దారి. ఇంగ్లండులోని డర్స్‌లీలో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో తెచ్చిన, నిమిషానికి ఆరువందల చుట్లు మాత్రమే తిరిగే సీఎస్ ఇంజనుకు రాజ్‌కోట్‌లో దశాబ్దాలపాటు తయారైన నకళ్లు రెండో దారి. పంపులు, నాజిళ్లు బెంగుళూరులో 1951లో పుట్టిన మైకోవి. ఆ కంపెనీ 2008లో బాష్ అయింది గానీ పాత మెకానిక్కుల నోట అది మైకో పంపే. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలవలకు నీళ్లు వదిలాక కుడికాలవ కింద ఎత్తు భూముల వాళ్లకు, చివరి భూముల వాళ్లకు ఈ ఇంజనుతో పని పడింది. 2004లో సాగుకు ఉచిత విద్యుత్తు వచ్చాక బోర్లకు మోటార్లు ఎక్కి ఇంజన్లు కొష్టంలోకి వెళ్లాయి. కరెంటు తీగ లేని వాగు పక్కన, నీళ్లు కిందికి జారిన కాలవ గట్టున ఇప్పటికీ వాటికి పిలుపు వస్తుంది. ఏడాదిలో తొమ్మిది నెలలు మూలన పడి ఉండి, తోట వాడిపోతున్న రోజున బయటికి రావడమే వాటి సగం జబ్బులకు మూలం.

తీరం కథ వేరు. కృష్ణా డెల్టా నుంచి వచ్చే కొమ్మమూరు కాలవ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలవను అందుకుంటుంది. ఆ దారిలో ఉప్పు, ధాన్యం, కట్టెలు మోసిన పడవలు గాలి ఉంటే తెరచాపతో, లేకుంటే గట్టున మనుషులు తాడు లాగితే నడిచేవి. సముద్రంలో తెప్పలకూ నావలకూ అదే చాప. 1952లో కేరళలో మొదలైన ఇండో-నార్వేజియన్ ప్రాజెక్టుతో చేపల పడవలకు ఇంజను బిగించే పని దేశంలో ఊపందుకుంది. మన తీరానికి ఇంకో చిక్కుంది. రేవు లేని ఊళ్లలో పడవ అలల్ని దాటి నేరుగా ఇసుక మీదికి రావాలి, అప్పుడు అడుగున ఉన్న పంకా విరిగిపోతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా మొదలుపెట్టిన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం ఇందుకోసం ఇసుక మీదికి దిగే పడవల్ని రూపొందించి ఆంధ్ర తీరంలోనూ నడిపి చూసింది. వాటిలో డీజిల్ ఇంజనును, పంకా కడ్డీని కలిపి పైకి ఎత్తేసే ఏర్పాటు ఉండేది. దాన్ని బాబ్ డ్రైవ్ అన్నారు. తెరచాప, కడుపులో ఇంజను, రెండూ ఉన్న పడవ అంటే విదేశీ షికారు నౌకే గుర్తొస్తుంది గానీ, దానికి దగ్గరి చుట్టం మన ఇసుక తీరంలోనూ ఉండేది.

ఇంజను ఎక్కడున్నా ఇంధనం నడిచే దారి ఒకటే. ట్యాంకు, కాక్, నీళ్లు దిగే గిన్నె, ఫీడ్ పంపు, ఫిల్టరు, ఇంజెక్షన్ పంపు, నాజిల్. నాజిల్ దగ్గర మిగిలింది రిటర్న్ పైపులో వెనక్కి వస్తుంది. ఈ దారిలో ఒక సరిహద్దుంది, అది తెలిస్తే సగం మరమ్మతు తెలిసినట్టే. ట్యాంకు ఇంజను కన్నా కిందో, దానికి సమంగానో ఉంటే, ఫీడ్ పంపు దాకా ఉన్న గొట్టం పీల్చుకునే గొట్టం. పంపు దాటాక ఉన్నది తోసే గొట్టం. తోసే వైపు నట్టు వదులైతే డీజిల్ బయటికి కారుతుంది, వాసన వస్తుంది. ఇంజను మాత్రం నడుస్తూనే ఉంటుంది. పీల్చే వైపు వదులైతే చుక్క కూడా కారదు, వాసనా రాదు. బయటి గాలి లోపలికి పోతుంది, తెల్లారేసరికి ఇంజను మొరాయిస్తుంది. రాత్రంతా గొట్టంలోని డీజిల్ ట్యాంకులోకి జారిపోయి దాని చోట గాలి చేరడమే అందుకు కారణం. బోటు ఇంజన్లలో ఇది మామూలు. పొలం ఇంజనుకు ట్యాంకు నెత్తిన ఉంటుంది, డీజిల్ దానంతట అదే కిందికి దిగుతుంది. అందుకే అక్కడ ఎక్కడ వదులైనా కారుతుంది, కొష్టమంతా కంపు కొడుతుంది, గాలి పట్టడం తక్కువ. ట్యాంకు పూర్తిగా ఎండేదాకా నడిపితే మాత్రం ఏ ఇంజనుకైనా గాలి పడుతుంది.

వాసన వెంట పడటానికి ముక్కు ఒక్కటే చాలదు, ఎందుకంటే పది నిమిషాల్లో ముక్కు ఆ వాసనకు అలవాటుపడిపోతుంది. ఇంజనును పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, ప్రతి నట్టు చుట్టూ ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, కింద పాత న్యూస్‌పేపరు పరిచి రాత్రంతా వదిలేయడం మంచి పద్ధతి. పొద్దున పౌడరు ఎక్కడ తడిసి నల్లబడిందో కారుడు అక్కడే. ఎక్కువసార్లు దొరికే దొంగ ఫిల్టరు మీద, పంపు మీద ఉండే రాగి వాషరు. ఒకసారి నలిగిన రాగి గట్టిపడుతుంది, మళ్లీ బిగిస్తే కూర్చోదు. కొత్తది దొరకని చోట మెకానిక్కులు పాతదాన్నే ఎర్రగా కాల్చి చల్లార్చి వాడతారు, కాల్చిన రాగి మళ్లీ మెత్తబడుతుంది. ఇది చిట్కా కాదు, లోహశాస్త్రమే. వాషరు మార్చకుండా స్పానరు మీద బలమంతా చూపితే మరలు చెడిపోవడం తప్ప లాభం లేదు.

రెండో దొంగ రిటర్న్ పైపు. సన్నగా, చవగ్గా ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఇంజను వేడికి, ఎండకు బీటలిచ్చిన రబ్బరు గొట్టంలోంచి తడి ఊరుతూ ఉంటుంది. మూడోది ట్యాంకు మూత. మూతలో గాలి పీల్చుకునే సన్న రంధ్రం ఉంటుంది. ట్యాంకు అంచుదాకా నింపితే ఎండకు డీజిల్ ఉబ్బి ఆ రంధ్రంలోంచి పొర్లుతుంది, ఆ వాసనకు మరమ్మతు అక్కర్లేదు, కాస్త వెలితిగా పోస్తే చాలు. దీనికి తిరకాసు కూడా ఉంది. ఆ రంధ్రంలో కందిరీగ మట్టిగూడు కడితే ఇంజను బ్రహ్మాండంగా స్టార్టయి, ఇరవై నిమిషాలకు దగ్గి ఆగిపోతుంది. మూత తీయగానే సుయ్‌మని గాలి లోపలికి పోతుంది, మళ్లీ స్టార్టవుతుంది. నాజిల్ విప్పి, పంపును ఆటోనగర్‌కు మోసుకెళ్లి, చివరికి మూత దగ్గర తేలిన కేసులు ఏ పాత మెకానిక్కునడిగినా చెబుతాడు.

ఇంజనుకు అన్నిటికన్నా ప్రమాదకరమైన వాసన ఆయిల్ స్టిక్కుకు వచ్చేది. స్టిక్కు తీసి చూస్తే ఆయిలు పల్చగా, డీజిల్ కంపుతో, పోసినదానికన్నా ఎక్కువ మట్టంలో ఉంటే ఫీడ్ పంపులోని పొర చిరిగి డీజిల్ కిందికి దిగుతోందని అర్థం. పల్చబడ్డ ఆయిలు బేరింగులను కాపాడలేదు. మట్టం మరీ పెరిగితే ఇంజను ఆ ఆయిలునే తాగి, డీజిల్ ఆపినా ఆగకుండా పరుగెత్తవచ్చు. అలాంటప్పుడు గాలి దారి మూసేస్తేనే ఆగుతుంది. ఆయిలు పెరిగిందని సంతోషించే రైతులు లేకపోలేదు.

ఇక మొరాయింపు. డీజిల్ ఇంజనుకు ప్లగ్గు లేదు, కాయిల్ లేదు. అది స్టార్టు కావాలంటే తగినంత వేగంగా తిరగాలి, గాలి గట్టిగా నొక్కుడుపడాలి, నాజిల్ డీజిల్‌ను పొగమంచులా చిమ్మాలి. ఇంతే. కాబట్టి మొదట చూడాల్సింది తిరుగుడు. సెల్ఫ్ కటకటమని ఊరుకుంటే బ్యాటరీనో దాని కొమ్మల మీది ఉప్పునో చూడాలి. తీరంలో పచ్చటి తుప్పు పట్టిన టెర్మినల్ మంచి బ్యాటరీని కూడా చచ్చినదాన్ని చేస్తుంది. హ్యాండిల్ ఇంజనైతే డీకంప్రెషన్ లివరు ఎత్తి, చక్రం జోరందుకున్నాక వదలాలి. హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, చుట్టూ బిగించకూడదు. ఇంజను వెనక్కి తన్నితే చుట్టిన బొటనవేలే విరుగుతుంది.

బాగా తిరుగుతున్నా అంటుకోకపోతే పొగగొట్టం వైపు చూడాలి. ఇది అన్నిటికన్నా విలువైన చూపు, దీనికి పైసా ఖర్చు లేదు. తిప్పుతున్నంతసేపూ పొగే రాకపోతే డీజిల్ సిలిండరు దాకా చేరడంలేదు. అంటే తప్పు ట్యాంకు నుంచి నాజిల్ దాకా ఉన్న దారిలో ఉంది: కాక్ మూసి ఉండవచ్చు, ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు, గాలి పట్టి ఉండవచ్చు. ఘాటైన తెల్ల పొగ వస్తూ అంటుకోకపోతే డీజిల్ చేరుతోంది గానీ మండటంలేదు. నాజిల్ చిమ్మకుండా కారుస్తోందో, రింగులు అరిగి నొక్కుడు పోయిందో, డీజిల్‌లో నీళ్లు కలిశాయో చూడాలి. నడిచే ఇంజను నల్లగా ఊదితే గాలి చాలడంలేదని, నీలంగా ఊదితే ఇంజనాయిలు కాలుతోందని అర్థం. నల్లపొగకు ఈ మైదానంలో కారణం చాలాసార్లు ఎయిర్ క్లీనరే. పత్తి చేలలో ఎగిరే నూగు, కళ్లం దుమ్ము అందులో పరుపులా పేరుకుంటాయి.

చల్లని దేశాల పుస్తకాలు ఈ చోట సగం పేజీలు చలికే ఇస్తాయి. రెంటచింతల ఎండ ఎరిగిన మనకు ఆ పేజీలతో పని తక్కువ. ఇక్కడ ఇంజనుకు శత్రువులు దుమ్ము, నీరు, మూలనుండటం.

గాలి పడితే తీసే పద్ధతి ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు గానీ వరస తప్పుతుంది. ట్యాంకు వైపు నుంచే మొదలుపెట్టాలి. ఫిల్టరు మీది స్క్రూ కాస్త వదులుచేసి, ఫీడ్ పంపు చేతిపిడి ఆడిస్తూ నురగ పోయి మామూలు డీజిల్ వచ్చాక బిగించాలి. తరవాత ఇంజెక్షన్ పంపు స్క్రూ. చివరికి నాజిల్ దగ్గరి నట్టు వదిలి ఇంజను తిప్పితే చుక్కలు తన్నుకొస్తాయి, అప్పుడు బిగించాలి. నేరుగా నాజిల్ దగ్గర మొదలుపెడితే గంటసేపు తిప్పినా గాలి వెనక మిగిలే ఉంటుంది. తీసిన గాలి మర్నాడు మళ్లీ వస్తే తప్పు పీల్చే గొట్టంలో ఉంది. ఆ గొట్టం స్థానంలో కాసేపు పారదర్శకమైన గొట్టం పెడితే బుడగలు ఎటునుంచి వస్తున్నాయో కంటికే కనిపిస్తుంది. ఒక హెచ్చరిక తప్పదు: నాజిల్ చిమ్మే డీజిల్ చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోల ఒత్తిడితో వస్తుంది. చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చేత్తో ముట్టి చూడకూడదు. అలాంటి గాయం పైకి సూదిగుచ్చినంతే కనిపిస్తుంది, అయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినదే.

నీళ్ల సంగతికి వస్తే, డీజిల్ నీటికన్నా తేలిక కాబట్టి నీరు ట్యాంకు అడుక్కు చేరుతుంది, గొట్టం కూడా అక్కడికి దగ్గరే. సగం ఖాళీ ట్యాంకు పగలు వేడెక్కి రాత్రి చల్లబడేటప్పుడు తడిగాలిని పీలుస్తుంది, ఆ తడి లోపల చెమటలా పడుతుంది. నీరూ డీజిలూ కలిసే పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు కడుతుంది, అది ఫిల్టరులో చిక్కుకుని దారి మూస్తుంది. అడుగు నుంచి కొంచెం డీజిల్ గాజుసీసాలోకి తీసి అరగంట నిలబెడితే నీరుందో లేదో తెలిసిపోతుంది. బంకు నుంచి ప్లాస్టిక్ క్యానుల్లో తెచ్చేవాళ్లు సన్నటి గుడ్డలో వడపోసి పోయడం పెద్దల నాటి అలవాటు. చెత్త ఆగుతుంది, నీరు ఆగదు. పురుగుమందు క్యానును ఇంధనానికీ, ఇంధనపు క్యానును ఇంకోదానికీ వాడకపోవడం మాత్రం ఈ జిల్లాల్లో మళ్లీమళ్లీ చెప్పాల్సిన మాట.

పెట్రోలుతో స్టార్టు చేసి కిరోసిన్‌కు మార్చే చిన్న పంపు ఇంజనుది ఇంకో తమాషా. కిరోసిన్ మీద నడుస్తుండగానే ఆపేస్తే కార్బురేటరు నిండా కిరోసిన్ మిగులుతుంది. మర్నాడు చల్లగా ఉన్న ఇంజనులో అది ఆవిరి కాదు, తాడు ఎంత లాగినా కంపు కొట్టడమే గాని అంటుకోదు. ఆపే ముందు రెండు నిమిషాలు పెట్రోలు మీద నడపాలి. మరిచిపోతే కార్బురేటరు గిన్నె కింది స్క్రూ విప్పి దించేయాలి. పత్తికీ మిరపకూ మందు కొట్టే పవర్ స్ప్రేయర్లకు ఇదే తరహా బాధ. సీజను అయ్యాక పెట్రోలు, టూటీ ఆయిలు కలిపింది ట్యాంకులో వదిలేస్తే పెట్రోలు ఎగిరిపోయి జిగురు మిగులుతుంది. ఇప్పుడు దేశమంతా అమ్మే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ తేమను పీలుస్తుంది, తేమ మోతాదు మించితే నీటితో కలిసి అడుక్కు దిగుతుంది. స్ప్రేయరును దాచేముందు ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటరులోది అయిపోయేదాకా నడిపి ఆపాలి.

వాసన ప్రాణాంతకమయ్యే చోటు గొయ్యి. పంపు నీటిని ఎంత పీల్చినా ఆరేడు మీటర్ల లోతు మించి ఎక్కించలేదు, అందుకే లోతు బావుల్లో ఇంజనును గట్టు మీద కాక బావిలోని అరుగు మీదికి దించేవారు. పడవ కడుపు కూడా గొయ్యే. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగింతలు బరువు, అలాంటి చోట అడుగునే పరుచుకుని చిన్న నిప్పురవ్వ కోసం కాచుకుంటుంది. అమెరికాలో పెట్రోలు ఇంజను లోపల ఉన్న పడవల్లో స్టార్టు చేయడానికి ముందు నాలుగు నిమిషాలు ఫ్యాను వేసి ఆవిరి తోలమంటారు. యూనివర్సల్ కంపెనీ అటామిక్ ఫోర్ అనే పెట్రోలు ఇంజను అక్కడ దశాబ్దాలపాటు వేల తెరచాప పడవల్లో నడిచింది, తరవాత ఆ చోటును డీజిల్ తీసుకుంది. డీజిల్ ఆవిరి అంత సులువుగా అంటుకోదు. అయినా మన బంకుల్లో అమ్మే డీజిల్‌కు ఆవిరి అంటుకునే వేడి కనీసం 35 డిగ్రీలుంటే చాలునన్నది ప్రమాణం, ఓడలకు అంతర్జాతీయంగా 60 కావాలి. మే నెల మధ్యాహ్నం బోటు ఇంజనుగది 35 దాటకుండా ఉండదు.

ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడుకు అసలు వాసనే లేదు. బావిలో ఇంజను నడిచిన తరవాత కిందికి దిగినవాడు పడిపోతే, కాపాడటానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. గాలి తోలకుండా, నడుముకు తాడు లేకుండా, పైన మనిషి లేకుండా దిగకూడదు. ఇంధనాన్ని నోటితో పీల్చి క్యానులోకి దించడం ఇంకో చెడ్డ అలవాటు. పొరపాటున మింగితే, ముఖ్యంగా పిల్లలు కిరోసిన్ తాగితే, కక్కించకూడదు. కక్కేటప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మొండికేసిన ఇంజను గాలిగొట్టం దగ్గర పెట్రోలు గుడ్డ పట్టి లేపడం తెలిసిన విద్యే. లేస్తుంది కూడా. కానీ పెట్రోలు ఆవిరి వేళకాని వేళ పేలి పిస్టన్‌ను కొడుతుంది, పడవ కడుపులో ఆ గుడ్డే నిప్పవుతుంది. తెరచాప పడవల్లో ఇంకో ఉచ్చుంది. వాటి పొగగొట్టంలోకి సముద్రపు నీరు చిమ్మి చల్లబరుస్తారు. ఇంజను అంటుకోకుండా సెల్ఫ్ మీదే తిప్పుతూ పోతే నీటిని బయటికి తోసే పొగ ఉండదు. ఆ నీరు వెనక్కి ఎక్కి సిలిండరులో చేరుతుంది. నీరు నలగదు, వంగేది కనెక్టింగ్ రాడ్డే. అందుకే పది సెకన్లు తిప్పి లేవకపోతే ఆపి, నీటి కాక్ మూసి, కారణం వెతుక్కోవాలి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. నిజాంపట్నం, వాడరేవు బోట్లు ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేస్తారు, రంగులు వేస్తారు, ఇంజను మాత్రం అలాగే పడి ఉంటుంది. బోటు కట్టేసే రోజునే ట్యాంకు నింపి, నీటి గిన్నె దించి, కాక్ మూయాలి. మళ్లీ స్టార్టు చేసి చూడాల్సింది జూన్ 14 రాత్రి కాదు, జూన్ మొదటి వారంలోనే. అప్పటికి వాషర్లు, ఫిల్టర్లు కొనడానికి కొట్లూ తెరిచే ఉంటాయి, మెకానిక్కూ ఖాళీగా దొరుకుతాడు.